కింద పెట్టని మూత

మొన్న జనవరి చివర్లో తల్లాడ సెంటర్లో కొత్తగూడెం బస్సు కోసం నిలబడి ఉన్నాను. అంతకు ముందెన్నడూ చూడని ఒక కుర్రవాడు వచ్చి నా రెండు చేతుల్లో కారు ఇంజన్ మూత పెట్టాడు. నాకు ఏడుపు ఆగలేదు. చేతులు కాలాయేమోనని చుట్టూ ఉన్నవాళ్లు కంగారుపడ్డారు.

ఆ కారు వేంసూరు వైపు నుంచి వచ్చి ఖమ్మంలో వ్యాపారం పెట్టుకున్న ఒక రైతు కుటుంబానిది. పసుపు రంగుది, నా నడుము ఎత్తు కూడా లేదు, ఇద్దరికి మించి పట్టరు. కొత్తగా కొన్నారట, భద్రాచలంలో పూజ చేయించడానికి తీసుకెళ్తున్నారు. దారిపొడుగునా పత్తి లారీల వెనక వచ్చినట్టున్నారు, ఎగిరిన పత్తి లోపల చేరి కాలిన వాసన మొదలైందట. పక్కనే స్కూటర్లు బాగుచేసే మెకానిక్ వచ్చి, అలవాటు కొద్దీ ముందు భాగం ఎత్తించాడు. అక్కడ ఒక సంచీ పట్టే గుంత తప్ప ఏమీ లేదు.

"ఇంజన్ ఏదన్నా? ఇంటికాడ మరిచి వచ్చిండ్రా?" అన్నాడు మెకానిక్. జనం ఒకటే నవ్వు.

"మధ్యలో ఉంటదండి, సీట్ల వెనకాల," అన్నాడు కారు కుర్రవాడు చిన్నబోయి.

వెనక అద్దం పైకి లేపారు. దాని కింద నల్లటి మూత. అది ఎలా తీయాలో ఆ అబ్బాయికీ తెలియదు. హైదరాబాదుకు ఫోన్ కలిపాడు. అవతల ఎవరో చెబుతుంటే మెకానిక్ వెనక వైపు రెండు క్లిప్పులు నొక్కి, కొంచెం పైకెత్తి, తన వైపు లాగాడు. మూత ఊడి వచ్చింది. దాన్ని రోడ్డు మీద పెట్టబోతుంటే కుర్రవాడు అరిచాడు.

"కింద పెట్టకండి, గీతలు పడతాయ్!"

మెకానిక్ చేతిలోంచి తానే అందుకున్నాడు. ఎవరికిద్దామా అని అటూ ఇటూ చూస్తే, అందరికంటే దగ్గరలో ఉన్నది నేను.

"అమ్మా, కొంచెం పట్టుకోండి."

వాళ్లు లోపలి పత్తి ఏరి పారేసి, ఇంజన్ నడిపి చూసి, మూత మళ్లీ బిగించడానికి నా దగ్గరికి వచ్చి రెండుసార్లు అడిగితే గానీ నేను ఇవ్వలేదట. ఆ మూత తేలిక. కానీ వెచ్చగా ఉంది. పదకొండేళ్లపాటు ఒకాయన అలాంటి వెచ్చటి మూతనే నా ఒళ్లో పెట్టాడు. ఆ రోజు నేను బయల్దేరింది ఆయన దినాలకే.

నేను నర్సును. భద్రాచలం ఇవతల అడవి ఊళ్లకు మందుల పెట్టె పట్టుకుని తిరిగిన ఉద్యోగం నాది. అప్పట్లో ఆ ఊళ్లకు అంబులెన్సు వచ్చేది కాదు. మా చిన్న ఆసుపత్రికి కిరాయికి పెట్టుకున్న పాత వ్యాను ఒకటుండేది. దాని డ్రైవరు ఆయన. ఆ వ్యానుకూ ఇంజన్ నడుమే. డ్రైవరు సీటుకూ పక్క సీటుకూ మధ్య పెద్ద పెట్టెలా లేచి ఉండేది, దాని మీద రేకు మూత. పక్క సీటు నాది. అంటే నా కుడి మోకాలు ఎప్పుడూ ఇంజన్‌కు ఆనుకునే ఉండేది.

మొదటి రోజే గొడవ. ఊరు దాటి మొదటి వాగు దగ్గర వ్యాను ఆపి, మూత గొళ్లేలు నాలుగూ తీసి, ఆ రేకు మూతను తెచ్చి నా ఒళ్లో పెట్టాడు.

"ఏంటిది?" అన్నాను.

"పట్టుకో సిస్టరమ్మా. ఇంజన్‌కు నీళ్లు పోయాలె."

"కింద పెట్టరాదా?"

"కింద పెడితే మన్నంటుకుంటది. మన్ను ఇంజన్ల పడ్తది."

"నా చీరకు మసి అంటుకుంటుంది కదా!"

"చీర ఉతుక్కుంటవు," అని డబ్బా తీసుకుని వాగులోకి దిగిపోయాడు.

నా చీర ఒక్కటే కాదు. ఎవరు పక్కన కూర్చుంటే వాళ్లు పట్టుకోవలసిందే. సర్పంచు పట్టుకున్నాడు, కానిస్టేబులు పట్టుకున్నాడు. ఒకసారి దారిలో ఎక్కించుకున్న పెళ్లికొడుకు బాసికంతో సహా కూర్చుని పట్టుకున్నాడు. పట్నం నుంచి కొత్తగా వచ్చిన డాక్టరుగారు పట్టుకోనని భీష్మించుకుంటే, డ్రైవరు ఆయన వైపు చాలా జాలిగా చూసి, "డాక్టరైతే ఏంది సారూ, చేతులు మంచిగనే ఉన్నయి గదా," అన్నాడు. డాక్టరుగారు పట్టుకున్నారు. ఆ తర్వాత ఆయనకు అది ఎంత అలవాటైందంటే, వాగు రాగానే అడక్కుండానే చేతులు చాచేవారు.

మూత తిరిగి పెట్టడం ఇంకో తతంగం. ముందు వైపు రెండు కొక్కేలు పడాలి, ఆ తర్వాతే వెనక గొళ్లేలు. తొందరపడి వెనక వైపే మొదట నొక్కితే ముందు వైపు లేస్తుంది, పొగ మొత్తం ముఖాన కొడుతుంది. ఆయనకు తొందరంటే ఏమిటో తెలియదు. గొళ్లేలు వేశాక మూత మీద మూడుసార్లు అరచేత్తో తట్టి, చెవి ఆనించి వినేవాడు. "ఊపిరి మంచిగున్నది," అని బండి తీసేవాడు. ఏం వినేవాడో నాకు ఈ రోజుకీ తెలియదు. నేను చెవి పెడితే గడగడమని మోత తప్ప ఏమీ లేదు.

ఎంత దూరమని అడిగితే కిలోమీటర్లు చెప్పేవాడు కాదు. "ఇంక మూడు వాగులు" అనేవాడు. వానాకాలమైతే "మూడు పెద్దయి, రెండు పిల్లయి" అని వివరం. నొప్పులు పడుతున్న ఆడవాళ్లతో కోయ మాటలో ఏదో చెబుతూ నడిపేవాడు. ఏం చెబుతున్నావన్నా అంటే, "వాగులు లెక్కపెట్టుమంటున్న" అనేవాడు. నా ఇంజక్షన్ల కంటే ఆ లెక్కకే వాళ్లు ఎక్కువ కుదుటపడేవాళ్లు. నాకు ఉక్రోషంగా ఉండేది.

భద్రాచలం దవాఖానాలో కాన్పు గది తలుపు తీసి ఎవరు బయటికి వచ్చినా ఆయన అడిగేది ఒకటే మాట. "ఏడ్చిందా?"

ఆడా మగా అని ఒక్కనాడూ అడగలేదు. ఏడ్చింది అంటే చాలు, బయటికి పోయి బీడీ వెలిగించేవాడు.

ఇక ఆ దుప్పటి. ఇంజన్ మూత మీద మడతపెట్టిన ముతక దుప్పటి ఒకటి ఎప్పుడూ ఉండేది. దాని మీద ఎవర్నీ కూర్చోనిచ్చేవాడు కాదు, టిఫిన్ డబ్బా పెట్టనిచ్చేవాడు కాదు. ఒకసారి నా చేతిసంచి పెడితే చెప్పా పెట్టకుండా తీసి నా కాళ్ల దగ్గర పడేశాడు. చలికాలం ఊళ్లో పుట్టిన పసిగుడ్డును తల్లితో పాటు దవాఖానాకు తెచ్చేటప్పుడు, ఇంజన్ వేడి పట్టిన ఆ దుప్పటి తీసి వెనక్కి అందించేవాడు. రేకు మూత కాబట్టి వేడి నేరుగా ఎక్కేది. ఎందరు పిల్లలు ఆ డీజిలు కంపు దుప్పటిలో మొదటి నిద్ర పోయారో నేను రాసిపెట్టుకోలేదు.

ఆ వేడి పసిపిల్లలకు వరమే, నా మోకాలికి మాత్రం నరకం. ఎండాకాలంలో ఆ సీటులో కూర్చుంటే కుడి కాలు ఉడికిపోయేది. చర్మం నల్లబడి పొరలు లేచింది. ఎన్నో ఏళ్లు ఓర్చుకున్నాను. ఓర్చుకోవడమంటే నోరు మూసుకుని కాదు, రోజూ సణుగుతూనే. చివరికి ఒక వైశాఖంలో కొత్తగూడెంలో సీటు కవర్లు కుట్టే దుకాణానికి వెళ్లి, కొలతలిచ్చి, నేనే ఒక కొత్త మూత చేయించాను. ఫైబరుది. లోపలంతా మందంగా ఫెల్టు అనే ఉన్నిగుడ్డ అతికించి, పైన దూది పెట్టి రెగ్జిన్ కుట్టారు. చాలా గొప్పగా తెచ్చి చూపించాను.

ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశాడు. లోపలి ఫెల్టును వేలితో నొక్కాడు.

"చల్లగైతది సిస్టరమ్మా," అన్నాడు.

"చల్లబడాలనే కదన్నా చేయించింది!"

ఆయన ఇంకేదో అనబోయి నా కాలు వంక చూశాడు. పొరలు లేచిన చోట నేను ఆముదం రాసుకుని ఉన్నాను. "సరే తియ్యి," అని పాత మూత ఊడదీసి ఇంటికి పంపించి, కొత్తది బిగించాడు. ముందు కొక్కేలు, తర్వాత గొళ్లేలు, మూడుసార్లు తట్టడం. చెవి పెట్టాడు. ఈసారి ఊపిరి మాట ఎత్తలేదు. వైశాఖమాసంలో దుప్పటి ఎవరికి గుర్తొస్తుంది? నాకైతే రాలేదు. ఎండాకాలం, వానాకాలం హాయిగా గడిచిపోయాయి. నా కాలు మానింది.

పుష్యమాసంలో ఒక పొద్దున, ఏడో నెల నిండకుండానే ఒకమ్మాయి ప్రసవించిందని కబురొస్తే పోయాం. పొద్దెక్కినా మంచు విడవలేదు. బిడ్డ రెండు దోసిళ్లలో పట్టేంత. నీలంగా ఉంది కానీ ఊపిరి ఉంది. పిల్లి కూత లాంటి ఏడుపు కూడా ఉంది. తల్లికి రక్తం ఆగడం లేదు. మామూలుగా అలాంటి బిడ్డను తల్లి గుండెల మీద పెట్టి కప్పాలి. కానీ తల్లి ఒళ్లే చల్లబడుతోంది. వ్యాను వెనక ఆమెను పడుకోబెట్టి, పొత్తికడుపు మీంచి నేను చేయి తీయడానికి లేదు. బిడ్డను నాయనమ్మ ఒళ్లో పెట్టి, గుండెలకు హత్తుకోమని చెప్పాను. ఆ ముసలమ్మ చలికి తనే వణుకుతోంది.

"అన్నా, దుప్పటి!" అని అరిచాను.

ఆయన చేయి పక్కకు చాచి మూత మీది దుప్పటి తీశాడు. తీసి ఆగిపోయాడు. నేను అద్దంలో ఆయన ముఖం చూశాను. అప్పుడర్థమైంది నాకు. అంత దూరం ఇంజన్ నడిచినా ఆ దుప్పటి మంచులో ఆరేసినట్టుంది. నేను చేయించిన మూత తన పని తాను చక్కగా చేసింది.

వ్యాను ఆపాడు. గొళ్లేలు తీసే ఓపిక కూడా పట్టలేదు, గుంజాడు. ఆ మూతను ఎవరి చేతికీ ఇవ్వలేదు. తలుపు తీసి రోడ్డు మీద, మట్టిలోకి విసిరేశాడు. దుప్పటిని కాలుతున్న ఇంజన్ మీద పరిచి రెండు చేతులతో అదిమిపట్టాడు. చేతులు కాలుతున్నా తీయలేదు. కమురు వాసన వచ్చేదాకా ఉంచి, దులిపి, తన బుగ్గకు ఆనించి చూసుకుని ముసలమ్మకు ఇచ్చాడు. మూత అక్కడే వదిలేసి, ఇంజన్ తెరిచిపెట్టుకునే నడిపాడు. ఆ మోతలో ఇంకేమీ వినబడలేదు. బిడ్డ ఏడుపు ఎక్కడ ఆగిందో కూడా వినబడలేదు.

తల్లి బతికింది. బిడ్డ దవాఖానా మెట్లెక్కే లోపలే పోయింది.

ఊపిరితిత్తులు పూర్తిగా ఎదగలేదు, మనం ఏం చేసినా అంతేనమ్మా అన్నారు అక్కడి పెద్ద డాక్టరు. ఆ మాట వెయ్యిసార్లు నాకు నేను చెప్పుకున్నాను. కానీ నేనూ ఆ చదువే చదివాను. చలి అలాంటి బిడ్డను ఏం చేస్తుందో నాకు తెలుసు. పోయేదే కావచ్చు. దారి మొదటి నుంచీ వెచ్చగా ఉండి ఉంటే ఏమో అన్న ఆలోచన మాత్రం ఎవరు చెప్పినా పోదు.

తలుపు తీసుకుని నేను బయటికి వచ్చినప్పుడు ఆయన వ్యాను దగ్గర నిలబడి ఉన్నాడు. అరచేతులు పొంగి ఉన్నాయి. నన్ను చూశాడు. ఏడ్చిందా అని ఆ ఒక్కరోజే అడగలేదు.

మర్నాటికల్లా పాత రేకు మూత ఇంజన్ మీదికి వచ్చింది. ఆయన భార్య దాని మీద ఇప్పపువ్వు ఆరబోసుకునేదట, గొళ్లేల సందుల్లో ఎండిన రేకలు ఇంకా అంటుకుని ఉన్నాయి. కొత్త మూత ఏమైందని నేను అడగలేదు. నువ్వు వినలేదు కదా సిస్టరమ్మా అని ఆయన అనలేదు. అని ఉంటే బాగుండేది. నాలుగు మాటలు తిట్టి ఉంటే నేనూ నాలుగు ఏడ్చి తేలికపడేదాన్ని.

ఆయన చేసింది వేరే. మొదటి వాగు దగ్గర ఆపి, గొళ్లేలు తీసి, మూత ఎత్తాడు. నేను చేతులు చాచాను. ఆయన ఆ చేతుల్ని దాటుకుని కిందికి దిగి, నేల మీద గోనెసంచి పరిచి, దాని మీద మూత పెట్టాడు. మన్ను అంటుకోకుండా అంచులు మడిచాడు కూడా. నీళ్లు పోసి తిరిగి బిగించాడు. నేను ఖాళీ చేతులతో కూర్చున్నాను.

నాకు బదిలీ అయ్యేదాకా అంతే. సర్పంచు కూర్చుంటే సర్పంచుకు ఇచ్చేవాడు, డాక్టరుకు ఇచ్చేవాడు. నేను కూర్చుంటే గోనెసంచి. మిగతా అంతా మామూలే. నవ్వేవాడు, వాగులు లెక్కచెప్పేవాడు, వాళ్లింటి నుంచి చింతపండు తెచ్చిచ్చేవాడు. ఆ మూత ఒక్కటే ఇచ్చేవాడు కాదు. నేను అడగలేదు. నా నోరు ఊరందరికీ తెలుసు. ఆ నోటికి ఆ ఒక్క ప్రశ్న రాలేదు. బదిలీ మీద ఖమ్మం వచ్చేశాను, తర్వాత ఉద్యోగం అయిపోయింది, ఆ వ్యాను పాతసామాను కింద పోయిందని విన్నాను. ఒకసారి పోయి కలిసి, నన్ను క్షమించావా లేదా అన్నా అని మొహం మీదే అడగాలనుకుంటూ ఏళ్లు గడిపాను. పత్తి చేనులో పని చేస్తూ చేస్తూ కూలబడి పోయాడని ఆశా కార్యకర్త ఫోన్ చేసింది.

తల్లాడలో ఏడ్చింది అందుకు.

ఆయన ఊరు చేరేసరికి మధ్యాహ్నమైంది. ఇంటి ముందు తాటాకు పందిరి, బంతికి కూర్చున్న జనం. ఆయన భార్య నన్ను చూసి లేచి వచ్చింది. నేను ఆమెను వదినా అనేదాన్ని. చేతులు పట్టుకుని ఇద్దరం కాసేపు ఏడ్చాం. లోపలికి రమ్మని పక్క వసారాలోంచి తీసుకుపోతుంటే, మూలన అది కనబడింది.

నేను చేయించిన మూత. రెగ్జిన్ చీలికలు పడి రంగు వెలిసిపోయింది, ఫెల్టు మాత్రం అలాగే ఉంది. వెల్లకిలా పెట్టి ఉంది తొట్టిలాగా. లోపల వరిగడ్డి, గడ్డి మీద ఈకలు ఉబ్బించుకుని ఒక ఎర్రకోడి పొదుగుతోంది.

వదిన చేయి వదిలి దాని దగ్గరికి వెళ్లాను.

"ఇదెక్కడిది వదినా?"

"నీదే గద సిస్టరమ్మా. ఆ దినమే సాయంత్రం తొవ్వల పోయి ఏరుకొచ్చుకున్నడు. కడిగి, ఎండబెట్టి, కోళ్లకు పెట్టిండు. చలికాలం దీంట్ల పొదిగేస్తే ఒక్క గుడ్డు మురగదు. వేడి బయటికి పోనియ్యది."

ఆమె కోడి వంక చూస్తూ తన ధోరణిలో చెప్పుకుపోయింది.

"నేను పారెయ్యుమన్న. పాడు వస్తువు, ఇంట్ల ఎందుకన్న. నా మీద కోపం చేసిండు. సిస్టరమ్మ తెచ్చింది పాడుది కాదే, మనమే బోర్లేసినం, ఎల్లెలుకల పెడితే ఎంత మంచిగున్నదో సూడు అన్నడు. ఎవలొచ్చినా సూపెట్టి ఇదే మాట."

"మరి నాకు మూత పట్టుకోనివ్వలేదు వదినా. ఆ రోజు నుంచి ఒక్కసారి కూడా ఇవ్వలేదు." నా గొంతు నాకే చిన్నపిల్లలా వినబడింది.

ఆమె నా వైపు చిత్రంగా చూసింది. "గదా? గది నాకెరుక లేదు. ఆ దినం నీ చేతులు ఒకటే వణుకుతున్నయని మాత్రం చెప్పిండు. శాన దినాలు వణికినయంట గద? రేకు కాల్తది, సిస్టరమ్మ చేతులు ఇంక కాలొద్దు అన్నడు."

వణికాయా? నాకు తెలియదు. సూదులు వేస్తూనే ఉన్నాను, కాన్పులు చేస్తూనే ఉన్నాను. పక్కన కూర్చుని ఆయన ఒక్కడే చూశాడన్నమాట.

ఇంతలో పందిరి కింద ఇస్తరాకుల కోసం వచ్చిన కుక్కలు రెండు వసారాలోకి జొరబడ్డాయి. కోడి రెక్కలు విప్పి కేకలు పెట్టింది. వదిన కుక్కల్ని అదిలించి, వంగి మూతను కోడితో సహా ఎత్తి, ముందూ వెనకా చూసుకోకుండా నా చేతుల్లో పెట్టింది.

"పట్టుకో సిస్టరమ్మా, కింద పెట్టకు. లోపట జాగ చేసి వస్త."

ఆమె గదిలో మంచం కింద చోటు ఊడుస్తున్న చప్పుడు వినబడుతోంది. కోడి రెండుసార్లు నా మణికట్టు మీద పొడిచి సర్దుకుని కూర్చుంది. దాని కడుపు వేడి గడ్డిలోకి దిగుతోంది. ఫెల్టు దాన్ని బయటికి పోనివ్వడం లేదు. నా అరచేతులకు చల్లటి ఫైబరు మాత్రమే తగులుతోంది. ఒక చేయి నెమ్మదిగా గడ్డిలోకి, గుడ్ల కిందికి జొనిపాను. అక్కడ ఉంది వేడి, అంతా అక్కడే ఉంది.

"ఇగ తీస్కరా సిస్టరమ్మా, ఈడ దించు," అని వదిన పిలిచింది.

"ఉండనీ వదినా," అన్నాను. "కాసేపు నన్ను పట్టుకోనీ."